కవరు ఒక్కటైతే పోస్టేజీ ఒక్కటే
(ఆన్‌లైన్ వేలాల అమ్మకందారులకు బహిరంగ లేఖ)

ఆన్‌లైన్ వేలాల్లో స్టాంపులు, నాణేలు, పాత కవర్లు, పాత పుస్తకాలు అమ్ముతున్న అందరికీ,



ఒకే వేలంలో, ఒకే అమ్మకందారు దగ్గర, ఒకే మనిషి ఆరు లాట్లు పాడుకుంటే అతని దగ్గర పోస్టేజీ ఎన్నిసార్లు తీసుకోవాలి? ఈ ఉత్తరం ఈ ఒక్క ప్రశ్న గురించే. నా జవాబు ముందే చెప్పేస్తాను. మీరు ఎన్ని పొట్లాలు కట్టి పంపితే అన్నిసార్లు తీసుకోండి. ఆరూ ఒకే కవరులో పెట్టి పంపితే ఒక్కసారే తీసుకోండి. ఇంత చిన్న సంగతికి బహిరంగ లేఖ దేనికని మీకు అనిపించవచ్చు. ఈ చిన్న సంగతి దగ్గరే చాలామంది కొత్త సేకర్తలు మనసు విరిగి వెనక్కి వెళ్లిపోతున్నారు. అందుకే రాస్తున్నాను.

నేను నిజాం కాలపు స్టాంపులు సేకరిస్తాను. మాలాంటి వాళ్లం ఒక లాటు కొని ఆగిపోయేవాళ్లం కాదు. మేం సేకరించే వస్తువు స్వభావమే అలాంటిది. హైదరాబాదు సంస్థానం తన మొదటి స్టాంపును 1869లో విడుదల చేసింది. 1871 నుంచి వచ్చిన స్టాంపుల మీద ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ నాలుగూ కనిపిస్తాయి. అందులో అర్ధణా బిళ్ళ ఒక్కటే తీసుకున్నా రంగు ఛాయల్లో తేడాలుంటాయి, అంచుల చిల్లుల కొలతల్లో తేడాలుంటాయి, ప్రభుత్వ కార్యాలయాల కోసం ‘సర్కారీ’ అని ఉర్దూలో అదనంగా అచ్చొత్తినవి వేరే ఉంటాయి. ఆ తర్వాత 1931లో వచ్చిన బొమ్మల వరుస: చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా గుహల ప్రవేశం, బీదరు మదర్సా, దౌలతాబాదు విజయస్తంభం. 1950లో సంస్థానం స్టాంపుల కథ ముగిసేదాకా ఈ వరుస ఇలా సాగుతుంది. ఒక్కో బిళ్ళా పక్కదానితో పోల్చి చూసుకున్నప్పుడే దాని విలువ తెలుస్తుంది. అందుకే ఒక మంచి ఆల్బం బయటికొచ్చిందంటే మేం నాలుగైదు లాట్ల మీదైనా పాడతాం.

ఆ ఆల్బాన్ని విడగొట్టేది మీరే. అందులో తప్పు లేదు. ఒక పెద్దాయన జీవితమంతా కూడబెట్టిన సేకరణను వారసులు అమ్మకానికి పెడితే, మొత్తంగా కొనే స్తోమత ఎవరికో ఒకరికి ఉంటుంది. నలభై యాభై లాట్లుగా విడదీస్తే నాలాంటి వాళ్లకూ ఒక ముక్క అందుతుంది. వారసులకూ, మీకూ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. అయితే లాట్లుగా విడదీసింది పాటలో సౌకర్యం కోసం. ఆ విభజనను పోస్టాఫీసు దాకా లాక్కెళ్లడం న్యాయం కాదు. పాట ముగిశాక ఆ లాట్లన్నీ మళ్లీ ఒక మనిషికి చెందిన ఒక పొట్లమే కదా.

జరుగుతున్నది ఏమిటంటే, చాలా వేలాల్లో ప్రతి లాటు కిందా పోస్టేజీ విడిగా రాసి ఉంటుంది. ఆరు లాట్లు గెలిస్తే ఆరు పోస్టేజీలతో బిల్లు వస్తుంది. డబ్బు కట్టాక వచ్చేది మాత్రం ఒక్కటే కవరు. లోపల ఒకే అట్టముక్కకు అతికించిన ఆరు చిన్న గ్లాసైన్ సంచులు. అడిగితే కొందరు మర్యాదగా తేడా తిరిగి ఇస్తారు. కొందరు ‘నిబంధన అంతే’ అంటారు. కొందరు అసలు జవాబివ్వరు. పోస్టేజీ ఆరుసార్లు తీసుకుని కవరు ఒకటే పంపడం గట్టిగా బేరమాడటం కిందికి రాదు. చేయని ఖర్చుకు డబ్బు తీసుకోవడం కిందికే వస్తుంది. ఈ మాట కటువుగా ఉందని నాకు తెలుసు. దీనికి మెత్తని మాట నాకు దొరకలేదు.

ఇందులో మరీ బాధించే విషయం ఒకటుంది. మీరు అమ్మే స్టాంపు పుట్టిందే ఈ అన్యాయానికి విరుగుడుగా. స్టాంపు రాకముందు బ్రిటన్‌లో ఉత్తరానికి రుసుము రెండు లెక్కల మీద వేసేవారు: ఎంత దూరం, ఎన్ని కాగితాలు. ఒక కాగితానికి ఒక రేటు, రెండు కాగితాలకు రెట్టింపు. కవరు కూడా ఇంకో కాగితం కిందే లెక్క. అందుకే జనం కవరు వాడకుండా కాగితాన్నే మడిచి పంపేవారు. రాసిన వరుసల మీద అడ్డంగా మళ్లీ రాసి ఒకే కాగితంలో ఇరికించేవారు. రౌలండ్ హిల్ 1837లో తపాలా సంస్కరణ గురించి చిన్న పుస్తకం రాసి ఈ పద్ధతిని నిలదీశాడు. లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఒక ఉత్తరాన్ని మోయడానికి అయ్యే అసలు ఖర్చు పెన్నీలో ముప్పై ఆరో వంతేనని లెక్కకట్టి చూపించాడు. ఖర్చంతా దారిలో కాదు, రెండు చివర్లలోనే ఉందన్నాడు: తీసుకోవడం, లెక్క వేయడం, వేరుచేయడం, గడపకు చేర్చడం. కాబట్టి కాగితాలు లెక్కపెట్టడం మానేసి బరువు తూచండి అన్నాడు. 1840 జనవరి 10 నుంచి అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే వెళ్లింది. అదే ఏడాది మే 6 నుంచి పెన్నీ బ్లాక్ చెలామణీలోకి వచ్చింది. మీ వేలాల్లో గర్వంగా పెట్టే మొట్టమొదటి స్టాంపు అదే.

మన దేశంలోనూ ఇలాంటి కథే, కాకపోతే ఇక్కడ లెక్క దూరం, బరువు మీద. 1837 చట్టం నాటి రేట్ల ప్రకారం కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువున్న ఉత్తరం పంపాలంటే ఒక రూపాయి. గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో, 1854 అక్టోబరు 1 నుంచి, దూరంతో పని లేకుండా పావు తులానికి అర్ధణా, అర తులానికి అణా, తులానికి రెండణాలు అయింది. పదహారణాల ఖర్చు రెండణాలకు దిగింది. ఉత్తరం ఎంత దూరం వెళ్తుందో తపాలావాళ్లు లెక్కపెట్టడం మానేశారు. తూచి, ముద్ర కొట్టి, పంపారు. ముక్కలు లెక్కపెట్టే పద్ధతిని బ్రిటన్ తపాలా శాఖ 1840లోనే వదిలేస్తే, స్టాంపులు అమ్ముకునే మీరు దాన్ని మళ్లీ తలకెత్తుకోవడం ఏం బాగుంది?

ఇప్పుడు నేటి రేట్లతో లెక్క చూద్దాం. మునుపు మనందరికీ ఆధారం రిజిస్టరు పోస్టు. ఇరవై గ్రాముల కవరుకు 5 రూపాయల స్టాంపు, 17 రూపాయల రిజిస్ట్రేషను, దానిపైన జీఎస్టీ కలిపి దాదాపు 26 రూపాయల్లో పని అయిపోయేది. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలైన స్పీడ్ పోస్టు రేట్లలో 50 గ్రాముల వరకు అదే ఊళ్లో అయితే 19 రూపాయలు, ఊరు దాటితే దేశంలో ఎక్కడికైనా 47 రూపాయలు. ఊరు దాటితే 51 నుంచి 250 గ్రాముల వరకు దూరాన్ని బట్టి 59 నుంచి 77 దాకా. 251 నుంచి 500 గ్రాముల వరకు 70 నుంచి 93 దాకా. జీఎస్టీ వీటికి అదనం. చేతికే ఇచ్చి సంతకం తీసుకోవాలంటే రిజిస్ట్రేషనుకు మరో 5 రూపాయలు.

ముంబైలో అమ్మకందారు, హైదరాబాదులో కొనుగోలుదారు, ఆరు లాట్ల స్టాంపులు అనుకోండి. స్టాంపు బరువు గ్రాములో కొంత భాగమే. కవరు, అట్ట, సంచి కలిపినా ఇరవై గ్రాములు దాటడం కష్టం. ఆరు కవర్లుగా పంపితే ఆరు నలభై ఏడులు 282 రూపాయలు. ఒకే కవరులో, ఒకే అట్ట మీద ఆరూ పెడితే 50 గ్రాముల లోపే ఉంటుంది. ఖర్చు 47 రూపాయలు. కాస్త గట్టి అట్ట వేసి 50 దాటించినా 68 రూపాయలు. అంటే ఆరు పోస్టేజీలు తీసుకుని ఒక్క కవరు పంపితే, జీఎస్టీ సంగతి పక్కన పెట్టినా, రెండు వందల రూపాయలకు పైగా కొనేవాడి జేబులోంచి అనవసరంగా వెళ్లిపోయినట్టే. స్టాంపులు ఒక్కోటి ముప్పై నలభై రూపాయలవి అయితే సరుకు కంటే పోస్టేజీయే ఎక్కువ అవుతుంది. అసలు కంటే వడ్డీ ముద్దు అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతోంది.

నాణేలు బరువైనవి కాబట్టి ఈ లెక్క వాటికి వర్తించదని అంటారు. వర్తిస్తుంది. బ్రిటిషు కాలపు వెండి రూపాయి బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. నాలుగు నాణేలకు, ప్యాకింగు కలిపితే, 50 గ్రాములు దాటుతుంది. నిజమే. కానీ అక్కడి నుంచి 250 గ్రాముల దాకా ఒకే రేటు. పదిహేను నాణేలు కలిపితే 175 గ్రాములు. మరో డెబ్బై గ్రాముల ప్యాకింగుకు చోటుంది. ముంబై నుంచి హైదరాబాదుకు 68 రూపాయలు. అదే పదిహేనింటినీ విడివిడిగా పంపితే 705 రూపాయలు. ఇన్సూరెన్సు విలువను బట్టి వేసేది కాబట్టి దాని లెక్క వేరు. దాన్ని విడిగా చూపించి తీసుకోండి, ఎవరూ కాదనరు.

పాత పుస్తకాలు అమ్మేవారికి ఈ విషయం ఇంకా దగ్గరగా తగులుతుంది. అయిదు కిలోల పుస్తకాల కట్టను 80 రూపాయలకు చేర్చిన రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరు 18న ఎత్తేశారు. తెలుగులో చిన్న ప్రచురణకర్తలకు, పాత పుస్తకాల వ్యాపారులకు, పల్లెల్లో ఉన్న పాఠకులకు అది పెద్ద దెబ్బ. తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలతో మొదలై అయిదు కిలోలకు 100 రూపాయల దాకా దాని రేటు, పన్ను అదనం. ప్యాకింగుతో సహా 280 గ్రాములుండే పుస్తకాలు పదిహేను విడివిడిగా పంపితే 300 రూపాయలు. ఒకే కట్టగా పంపితే 100 రూపాయలు మించదు. పాత పుస్తకాలు వెతుక్కుని కొనేవాళ్లు ఎక్కువమంది ఉపాధ్యాయులు, విద్యార్థులు, పింఛనుదారులు. ఆ రెండు వందల తేడాతో వాళ్లు మీ దగ్గరే ఇంకో రెండు పుస్తకాలు కొంటారు.

అసలు ఈ దురలవాటు ఎక్కడ మొదలైందో కూడా చెప్పుకోవాలి. 1995లో అమెరికాలో మొదలైన ఈబే ఆన్‌లైన్ వేలాన్ని ప్రపంచానికి అలవాటు చేసింది. మన దేశంలో 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని అడుగుపెట్టింది. 2018 ఆగస్టు 14న ఈబే ఇండియా సైటు మూతపడింది. కానీ అలవాట్లు మిగిలాయి. మొదట్లో ఈబే కమీషనును వస్తువు ధర మీదే వసూలు చేసేది, పోస్టేజీ మీద కాదు. దాంతో కొందరు వస్తువును ఒక్క సెంటుకు పెట్టి అసలు ధరను పోస్టేజీలో దాచారు. కమీషను ఎగ్గొట్టడానికి పోస్టేజీ ఒక కన్నంగా మారింది. 2011లో అమెరికా సైటులో పోస్టేజీ మీద కూడా కమీషను వేయడం మొదలుపెట్టింది ఆ కన్నం పూడ్చడానికే. అదే ఈబేలో కొన్నవాటిని కలిపి పంపడానికి చక్కని ఏర్పాటు కూడా ఉంది. మొదటి వస్తువుకు ఇంత, ఆపై ప్రతి వస్తువుకూ ఇంత అని అమ్మకందారు ముందే నియమం పెట్టుకోవచ్చు. అన్నిటి బరువూ కలిపి లెక్క వేయించవచ్చు. కొన్నవాడు డబ్బు కట్టేముందు మొత్తం ఎంతో చెప్పమని అడగవచ్చు, అమ్మకందారు సవరించిన బిల్లు పంపవచ్చు. మనవాళ్లలో చాలామంది ఆ పాత కన్నాన్ని అందిపుచ్చుకున్నారు, ఈ మంచి ఏర్పాటును మాత్రం అక్కడే వదిలేశారు.

అమెరికాలో ఉండి హైదరాబాదు స్టాంపులు, మద్రాసు రాష్ట్రపు కవర్లు సేకరించే తెలుగువాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ 2025 జూలైలో వచ్చిన రేట్లలో మామూలు ఉత్తరానికి మొదటి ఔన్సు 78 సెంట్లు, ఆపై ఒక్కో ఔన్సుకు 29 సెంట్లు. రెండో ఔన్సు మొదటిదానికన్నా చవక అన్నది తపాలా శాఖ రేటులోనే రాసి ఉంది. అందుకే అక్కడి చిన్న స్టాంపుల వ్యాపారుల్లో చాలామంది మొదటి లాటుకే పోస్టేజీ వేసి మిగతావాటికి వేయరు. వాళ్లు నష్టపోవడం లేదు. ఒకసారి కొన్నవాడు ఇంకో లాటు వెతుక్కుంటూ వాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్తాడు.

మీ వైపు నుంచి వచ్చే మాటలు నేను విననివి కావు. అందులో న్యాయమైనవి చాలా ఉన్నాయి.

‘పోస్టేజీ అంటే స్టాంపు ఖర్చు ఒక్కటే కాదు. కవరు, అట్ట, టేపు, పోస్టాఫీసులో క్యూ, నా సమయం’ అంటారు. నూటికి నూరు పాళ్లు నిజం. ప్యాకింగుకు ఇంత అని తీసుకోండి. మీ శ్రమకు వెల ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. అయితే ప్యాకింగు రుసుము పొట్లానికి వేయండి, లాటుకు కాదు. క్యూలో ఒక్కసారే నిలబడ్డారు, టేపు ఒక్కసారే చుట్టారు. ప్రతి అదనపు లాటుకూ ఒక గ్లాసైన్ సంచి, ఒక నిమిషం పని ఎక్కువ కాబట్టి అయిదో పదో వేసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. సందు చివరి కిరాణా కొట్టులో బియ్యం, కందిపప్పు, చింతపండు కొంటే ఇంటికి పంపే కుర్రాడి ఆటో ఖర్చు మూడుసార్లు వేయరు కదా.

‘లాట్లు వేర్వేరు రోజుల్లో ముగుస్తాయి. ఒకటి దగ్గర పెట్టుకుని ఇంకోదాని కోసం ఆగితే మొదటిది రాలేదని ఫిర్యాదు చేస్తారు’ అంటారు. అదీ నిజమే. దీనికి మందు గడువు. వారమో పది రోజులో మీకు వీలైనంత కాలం ఆగుతానని ముందే రాయండి. ఆ లోపు గెలిచినవన్నీ ఒక పొట్లం, ఆ తర్వాతివి ఇంకో పొట్లం. ఆగమని కొన్నవాడే రాతపూర్వకంగా చెప్పాలని షరతు పెట్టండి. ఫిర్యాదు వచ్చినా ఆ రాత మీకు రక్ష.

‘ఒకే కవరు పోతే అన్నీ పోతాయి’ అంటారు. విలువైన లాట్ల విషయంలో ఈ భయం నిజమైనదే. అప్పుడు నిర్ణయం కొన్నవాడికి వదిలేయండి. ఇన్సూరెన్సుతో ఒకే పొట్లమా, విడివిడిగా రెండు పొట్లాలా అని అడగండి. రెండు పొట్లాలు కావాలన్నవాడు రెండు పోస్టేజీలూ సంతోషంగా కడతాడు. కలపకూడనివీ కొన్ని ఉన్నాయి. బరువైన నాణేన్ని పలచటి స్టాంపు పక్కన పెడితే స్టాంపు మడత పడుతుంది. పెద్ద సైజు పాత కవరును చిన్న పొట్లంలో దూర్చడానికి మడిస్తే దాని విలువే పోతుంది. సరుకు క్షేమం కోసం విడిగా పంపాల్సి వస్తే విడిగానే పంపండి, కారణం ఒక్క ముక్కలో చెప్పండి. నా అభ్యంతరం రెండు పొట్లాలకు రెండు పోస్టేజీలు తీసుకోవడం మీద కాదు. ఒక్క పొట్లానికి ఆరు తీసుకోవడం మీద.

‘సైటే ఆటోమేటిగ్గా విడివిడి బిల్లులు వేస్తుంది, నా చేతిలో లేదు’ అంటారు. బిల్లు సైటు వేస్తుంది. తిరిగి ఇవ్వడం మాత్రం మీ చేతిలోనే ఉంది. పొట్లం తూచి పంపాక, తీసుకున్న పోస్టేజీలోంచి అయిన ఖర్చు, ప్యాకింగు మినహాయించి మిగిలింది వెనక్కి పంపండి. యూపీఐ కాలంలో అది అరనిమిషం పని.

ఇక మీ నుంచి నేను కోరేవి నాలుగే.

ఒకటి, కలిపి పంపుతారా లేదా అన్నది ప్రతి లాటు కిందా స్పష్టంగా రాయండి. పాట పాడేవాడు తన లెక్క ముందే వేసుకోవాలి. పోస్టేజీ ఎంతవుతుందో తెలియకుండా పాడటమంటే ధర తెలియకుండా కొనడమే.

రెండు, రేటును మెట్లుగా చెప్పండి: మొదటి లాటుకు ఇంత, ప్రతి అదనపు లాటుకు ఇంత, బరువు ఫలానా గ్రాములు దాటితే ఇంత. ఒకసారి రాసి పెట్టుకుంటే ప్రతి వేలానికీ అదే పనికొస్తుంది.

మూడు, పొట్లం పంపాక ట్రాకింగు నంబరుతో పాటు పోస్టాఫీసు రసీదు ఫోటో కూడా పంపండి. ఆ కాగితం మీద బరువూ ఉంటుంది, రుసుమూ ఉంటుంది. దాచాల్సింది లేని వ్యాపారికి దానికి మించిన ప్రకటన ఉండదు. ఆ ఒక్క ట్రాకింగు నంబరునే అన్ని లాట్ల దగ్గరా నమోదు చేయండి. రేపు ఎవరైనా ఒక లాటు అందలేదన్నా మీ చేతిలో ఆధారం ఉంటుంది.

నాలుగు, పోస్టేజీలో లాభం వెతక్కండి. లాభం కావాలంటే మొదటి పాట ధర పెంచండి. అది మీ హక్కు, ఎవరూ ప్రశ్నించరు. ధర నచ్చనివాడు పాడడు. పోస్టేజీలో దాచిన లాభం మాత్రం పాట ముగిశాక బయటపడుతుంది. అప్పటికి కొనేవాడికి వెనక్కి వెళ్లే దారి లేదు.

ఈ చివరి మాట నా అభిప్రాయం మాత్రమే కాదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు వృత్తిగా అమ్మేవారు మొత్తం ధరను, అందులో డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగు ఖర్చులు ఎంతెంతో విడమరచి చూపాలని చెబుతున్నాయి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాల్లో పదమూడు రకాల మోసపు ఎత్తుగడలను పేర్కొన్నారు. ధరలో కొంత దాచి ఉంచి చివర్లో బయటపెట్టడం వాటిలో ఒకటి. చట్టం చూపించి బెదిరించడం నా ఉద్దేశం కాదు. మన వ్యాపారం నడిచేది నమ్మకం మీద. ఎప్పుడూ చూడని మనిషికి, ఫోటో మాత్రమే చూసి, డబ్బు ముందే పంపి, వంద ఏళ్ల నాటి కాగితం ముక్క కోసం ఎదురుచూస్తాం. ఆ నమ్మకానికి చట్టం కావలి కాయలేదు. మీరే కాయాలి.

నాలాంటి కొనుగోలుదారులకూ ఇక్కడే ఒక మాట. కలిపి పంపమని అడిగే హక్కుతో పాటు బాధ్యతలూ మనవే. పాట ముగిసిన వెంటనే ఎన్ని లాట్లు గెలిచామో, ఇంకా వేటి మీద పాడుతున్నామో అమ్మకందారుకు చెప్పాలి. గడువు లోపు డబ్బు కట్టాలి. ఆరింటిలో ఒకదానికి డబ్బు కట్టకుండా సాగదీస్తే మిగతా అయిదూ ఆయన బల్ల మీద మూలుగుతాయి. నెలల తరబడి ‘ఆపి ఉంచండి’ అనకూడదు. ఎదుటివాడి ఇల్లు మన గోదాము కాదు. విడిగా పంపాలన్న ఆయన కారణం న్యాయమైనదైతే ఒప్పుకోవాలి. కలిపి పంపి తేడా తిరిగి ఇచ్చిన అమ్మకందారు గురించి నలుగురికీ చెప్పాలి. మంచివాళ్ల పేరు మనం చెప్పకపోతే మంచితనం వ్యాపారంలో లాభమని ఎవరికి తెలుస్తుంది?

వేలం సైట్లు, యాప్‌లు నడిపేవారికి కూడా ఒక విన్నపం. ఒకే అమ్మకందారు దగ్గర ఒకే వ్యక్తి గెలిచిన లాట్లను ఒకే బిల్లుగా చూపడం మీకు పెద్ద పని కాదు. అమ్మకందారు లాటు పెట్టేటప్పుడే బరువు రాయించండి. బరువులు కూడి తపాలా రేటు పట్టీ ప్రకారం పోస్టేజీ లెక్కవేసే వీలు కల్పించండి. కలిపి పంపే అవకాశం ఉందా లేదా అన్న గుర్తు ప్రతి లాటు పక్కనా చూపండి. కమీషనును పోస్టేజీ మీద కూడా వేస్తున్నవాళ్లు, విడివిడి పోస్టేజీల వల్ల తమకే ఆదాయం పెరుగుతోందన్న ఆలోచన పక్కన పెట్టాలి. కొనేవాడు విసిగి వెళ్లిపోతే కమీషను ఏ మాత్రం మిగలదు.

చివరిగా మళ్లీ మీతోనే. స్టాంపుల సేకరణ, నాణేల సేకరణ కుర్రకారును ఆకట్టుకోవడం లేదని మనమంతా ప్రదర్శనల్లో, సమావేశాల్లో వాపోతుంటాం. పదిహేనేళ్ల పిల్లవాడు పాకెట్ మనీలోంచి రెండు వందలు దాచుకుని మీ వేలంలో మూడు చిన్న లాట్లు పాడతాడు. బిల్లులో స్టాంపుల ధర తొంభై రూపాయలు, పోస్టేజీ రెండు వందల నలభై అని కనిపిస్తే వాడు ఇంకెప్పుడూ తిరిగి రాడు. అదే బిల్లులో పోస్టేజీ ఒక్కసారే పడి, తేడా డబ్బుతో ఇంకో లాటు చేతికి అందితే వాడు నలభై ఏళ్ల పాటు మీ దగ్గర కొంటాడు. సేకర్తను తయారు చేసేది ప్రదర్శనలు ఒక్కటే కాదు, మొదటి బిల్లు కూడా.

వచ్చే వేలం మొదలయ్యే ముందే ఒక్క వాక్యం జోడించండి: ‘ఎన్ని లాట్లు కొన్నా ఒకే పొట్లంగా పంపుతాం, పోస్టేజీ ఒక్కసారే తీసుకుంటాం.’ ఆ వాక్యం రాసినవారి దగ్గరే మేం పాడతాం. ఈ ఉత్తరం చదివిన కొనుగోలుదారులు కూడా పాట పాడే ముందు ఆ వాక్యం కోసం అడగండి. అడిగేవాళ్లు పెరిగితే రాసేవాళ్లూ పెరుగుతారు.

ఇట్లు,
మీ వేలాల్లో పాడే ఒక స్టాంపుల సేకర్త,
హైదరాబాదు